మెరుపు కూడా చేతిపనే: వెండితెర నవలలు నేర్పిన పాఠాలు

పాత మద్రాసు సినిమా లోకం మీద నవల రాయాలని ఉందంటూ ఈమధ్య యువ రచయితలు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంటుంది. నేను కలం పట్టిన రోజుల్లో చారిత్రక నవల అంటే కాకతీయులో, రాయలవారో, పల్నాటి వీరులో ఉండి తీరాలి. ఒక స్టూడియో ఫ్లోరు, ఒక ఎక్స్‌ట్రా నటి, ఒక కుట్టుమిషను చరిత్ర కిందికి వస్తాయంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. తెలుగులో మొదటి పూర్తి టాకీ వచ్చి తొంభై ఏళ్ళు దాటాయి. అందులో పనిచేసినవాళ్ళు ఇప్పుడు లేరు. కళ్ళారా చూసినవాళ్ళు వెళ్ళిపోయాక ఏ కాలమైనా చరిత్రే అవుతుంది.

నేను మద్రాసులో పుట్టి పెరిగాను. మా నాన్న కోడంబాకంలో సినిమాలకు దుస్తులు కుట్టేవారు. ఆయన ఇంటికి తెచ్చిన కబుర్లలోంచే నా మొదటి నవల పుట్టింది. తర్వాత రాసినవాటిలోనూ ఊరు అదే, కాలం అదే: 1930ల నుంచి 1960ల దాకా. ఊళ్ళో ఒక పేరుతో రైలెక్కి, కొన్నాళ్ళకు మద్రాసు గోడల మీద ఇంకో పేరుతో కనిపించిన మనుషులే నా పాత్రలు. వాళ్ళ గురించి రాస్తూ నేర్చుకున్నవీ, రాసేశాక గాని తెలిసిరానివీ ఇక్కడ చెబుతున్నాను. అన్నీ ఒకే బరువున్నవి కావు. రెండోదాన్ని కాస్త నిదానంగా చదవండి.

1. మెరుపు కూడా చేతిపనే.

తెర మీద మహారాణి తెల్లని పట్టుచీరలో నడిచొస్తుంది. మా నాన్న కుట్టుగదిలో ఆ చీర తెల్లగా ఉండేది కాదు. నలుపు తెలుపు సినిమాలో అచ్చమైన తెలుపు మీద దీపాల వెలుగు పడితే కళ్ళు చెదురుతాయి, మడతలు మాయమైపోతాయి. అందుకని తెల్లబట్టను లేత నీలంలోనో, టీ డికాషన్‌లోనో ముంచి ఆరేసేవారు. ముదురు ఎరుపు తెర మీద నలుపై కూర్చుంటుంది. రాజుగారి అంగరఖాకు ఏ గుడ్డ కొనాలో కంటితో చూసి చెప్పలేరు, కెమెరా దాన్ని ఎలా చూస్తుందో తెలిసిన మనిషే చెప్పాలి. కిరీటాలు అట్టవి. నగలు గిల్టువి. ఆర్క్ లైట్ల వేడికి, పొగకు నటీమణుల కళ్ళు మండేవి. చెమటకు మేకప్పు కరిగితే టచప్ బాయ్ పరుగెత్తుకొచ్చి అద్ది పోయేవాడు. 1957 నాటి ‘మాయాబజార్’లో పడవ మీది వెన్నెలను చూసి మన తాతముత్తాతలు మురిసిపోయారు. ఆ వెన్నెల మార్కస్ బార్ట్లీ దీపాలతో, ఫిల్టర్లతో కష్టపడి పండించినది.

కోడంబాకంలో రైలుగేటు ఉండేది. 1960ల్లో వంతెన వచ్చేదాకా స్టూడియోలకు పోయే కార్లన్నీ ఆ గేటు దగ్గర ఆగక తప్పేది కాదు. గేటు పడితే చాలు, జనం మూగేవారు. కారు అద్దంలోంచి ఒక్కసారి ఆ ముఖం కనబడాలి, అంతే. వాళ్ళకు కనబడింది తార. వెనక సీట్లో తల వాల్చి కునుకు తీస్తున్నది మాత్రం తెల్లవారకముందే మేకప్పు కుర్చీలో కూర్చున్న ఒక కష్టజీవి. పెద్ద నిర్మాణ సంస్థలు ఆ రోజుల్లో నటుల్ని నెలజీతానికి పెట్టుకునేవి. విజయా వారి ఒప్పందాల గురించి ఆ తరం వాళ్ళు ఎన్నో చోట్ల చెప్పారు, రాశారు. తారకు కూడా ఒకటో తారీఖు ఉండేదన్నమాట. ఆ ఒకటో తారీఖును మీ నవలలోకి తీసుకురండి. తళుకుల గురించి ఎంత రాసినా పాఠకుడు ఆ గదిలోకి అడుగు పెట్టలేడు. నీలిమందు నీళ్ళ బకెట్టు గురించి రాస్తే పెడతాడు.

2. వదిలేసిన పేరు ఎవరి సొత్తో తెలుసుకోండి.

సినిమా వాళ్ళ కొత్త పేర్ల గురించి మనం సరదాగా చెప్పుకుంటాం. పెద్దాపురంలో పుట్టిన అంజనమ్మ నాటకాల్లో అంజనీకుమారి అయింది. సి. పుల్లయ్యగారు ఆమెను అంజలీదేవిని చేశారు. 1947లో వచ్చిన ‘గొల్లభామ’ ఆ మూడో పేరును నిలబెట్టింది. 1934 నాటి ‘లవకుశ’లో సీతగా నటించిన శ్రీరంజని 1939లో కన్నుమూస్తే, ఆమె చెల్లెలు మహాలక్ష్మి అదే శ్రీరంజని పేరుతో తెరమీదికి వచ్చి 1949లో ‘గుణసుందరి కథ’కు నాయిక అయింది. చనిపోయిన అక్క పేరును మోస్తూ దీపాల ముందు నిలబడటం ఎలాంటి అనుభవమో ఊహించండి. అక్కడ ఒక నవలే ఉంది.

ఇవి అందరికీ తెలిసిన పేర్లు. చెప్పుకోని పేర్లు ఇంకా ఎన్నో. తొలి రోజుల్లో మర్యాదస్థులమనుకునే ఇళ్ళవాళ్ళు ఆడపిల్లల్ని తెరమీదికి పంపేవారు కాదు. సంగీతం, నాట్యం, అభినయం తరతరాలుగా నేర్చినవాళ్ళు దేవదాసీ సంప్రదాయానికి చెందిన కళావంతుల ఇళ్ళల్లో ఉన్నారు. నాటక సమాజాల నుంచి, ఆ ఇళ్ళ నుంచే చాలామంది నటీమణులు వచ్చారు. అటు మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి 1920ల చివర మొదలుపెట్టిన పోరాటం 1947లో దేవదాసీ అంకితాన్ని నిషేధించే చట్టంగా ముగిసింది. ఆ చట్టం ఒక బంధనాన్ని తెంచింది. బతుకుతెరువు మాత్రం చూపించలేదు. అలాంటి సమయంలో సినిమా ఒక తలుపు తెరిచింది. ఆ తలుపు దాటాలంటే చాలామంది ఇంటిపేరును గడప అవతలే వదిలిరావాల్సి వచ్చింది.

మా వీధిలో ఒకావిడ ఉండేవారు. మేమంతా పిన్నీ అని పిలిచేవాళ్ళం. 1940ల్లో చెలికత్తె వేషాలు వేశారు, గుంపు నాట్యాల్లో ఆడారు. తర్వాత పెళ్ళి చేసుకుని, పిల్లల్ని చదివించి, ఆ సంగతే ఎరగనట్టు బతికారు. నేను నవల రాస్తున్నానని తెలిసి మధ్యాహ్నాలు పిలిచి, కాఫీ ఇచ్చి, ఎన్నో చెప్పేవారు. ఎక్స్‌ట్రాలకు అన్నం ఏ మూల పెట్టేవారు, టేకు చెడితే అరుపులు ఎవరి మీద పడేవి, కాల్షీటు డబ్బుల కోసం ప్రొడక్షన్ మేనేజరు గది బయట ఎంతసేపు నిలబడాలి. నా మొదటి నవలలో ప్రాణమున్న పేజీలన్నీ ఆవిడ చలవే. ఒకరోజు తన పుట్టినూరి పేరు చెప్పారు. అక్కడ తనను ఏమని పిలిచేవారో చెప్పారు. తల్లి ఏ గుడి సేవలో ఉండేదో చెప్పారు. రాయొద్దని అనలేదు. రాయమనీ అనలేదు.

నేను రాశాను. ఊరు మార్చాను, గుడి మార్చాను. ఆ చిన్ననాటి పేరును మాత్రం మార్చలేదు. అది చాలా అందమైన పేరు, నా కథానాయికకు సరిగ్గా అతికింది, వదులుకోలేకపోయాను. వారపత్రికలో సీరియల్ నడుస్తుండగా ఆవిడ వియ్యాలవారింట్లో ఎవరో చదివారు. ఎప్పుడో చెవిన పడ్డ పేరు వాళ్ళకు గుర్తొచ్చింది. ఆ ఇంట్లో ఏయే మాటలు నడిచాయో నాకు పూర్తిగా తెలియలేదు. పిన్ని నన్ను పల్లెత్తు మాట అనలేదు. కాఫీకి పిలవడం మాత్రం మానేశారు. నేను వెళితే తలుపు సగం తెరిచి, పనిలో ఉన్నానమ్మా అనేవారు. క్షమించమని అడిగే ధైర్యం నాకు వచ్చేసరికి వాళ్ళు ఆ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఆ నవలకు మంచి పేరొచ్చింది. ఇప్పటికీ ఎవరైనా దాన్ని పొగిడితే నాకు ఆ సగం తెరిచిన తలుపే కళ్ళముందు కదులుతుంది.

అందుకే చెబుతున్నాను. ఒక సమాజపు చరిత్ర అందరిదీ, దాన్ని దాచనక్కరలేదు. కళావంతుల కళను, వాళ్ళకు జరిగిన అన్యాయాన్ని, ఆ చట్టాన్ని నిర్భయంగా రాయండి. ఒక మనిషి ఒంటరిగా మోసిన రహస్యం మాత్రం ఆ మనిషిదే. మీకు చెప్పినంత మాత్రాన అది లోకానికి చెప్పినట్టు కాదు. రాసేముందు అడగండి. అడగడానికి మనిషి లేకపోతే, గుర్తుపట్టడానికి వీల్లేనంతగా మార్చండి. కల్పన చేసే అధికారం మనకు ఉన్నది అందుకే.

3. తేదీ తప్పితే బతుకు తప్పుతుంది.

తెలుగులో ఆ మొదటి టాకీ, హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరం రాశాం, ఉపన్యాసాల్లో చెప్పాం. రెంటాల జయదేవ పాత పత్రికల ప్రకటనలు, సెన్సారు వివరాలు తవ్వి, ఆ సినిమా 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో మొదటిసారి తెరకెక్కిందని నిరూపించారు. ఐదు నెలలే కదా అనుకోవద్దు. ఆ ఐదు నెలల నడుమే, 1931 అక్టోబరు చివర, తమిళుల తొలి టాకీ ‘కాళిదాస్’ మద్రాసులో విడుదలైంది. ఏది ముందు, ఏది వెనక అన్నది మారితే లీలావతి వేషం వేసిన సురభి కమలాబాయి ఏ క్షణంలో ఎక్కడ నిలబడి ఉందో మారిపోతుంది. ఆమె ఎదురుచూపు మారుతుంది, ఆశ మారుతుంది. నవలకు కావలసింది ఆ క్షణమే.

చిన్న వివరాలు మరీ ప్రమాదకరం. 1938లో నాయిక వడపళని వాహినీ స్టూడియోకు వెళ్ళిందని రాస్తారు. అప్పటికి అక్కడ ఆ స్టూడియో లేదు. ‘వందేమాతరం’ తీసిన వాహినీ సంస్థ వేరు, యుద్ధం ముగిశాక వడపళనిలో లేచిన స్టూడియో వేరు. 1930ల్లో కిల్పాకు వైపో, గిండీ వైపో వెళ్ళాలి. అంతకు ముందైతే కలకత్తాకో, బొంబాయికో, కొల్హాపూరుకో రైలెక్కాలి. 1955లో పాటల పుస్తకం కొనే కుర్రాడి చేతిలో నయాపైసలు పెట్టకండి, అవి 1957 ఏప్రిల్ ఒకటిన వచ్చాయి. 1954లో మౌంట్‌రోడ్డు మీద ట్రాము నడపకండి, అంతకు ముందు ఏడే ఆగిపోయింది. 1942 ఏప్రిల్‌లో షూటింగు జోరుగా సాగుతోందని రాసేముందు, జపాను బాంబుల భయంతో మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని పారిపోయారని గుర్తుంచుకోండి. యుద్ధంలో ముడిఫిల్ము దొరక్క సినిమా నిడివి 11,000 అడుగులు దాటకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. ఒక్కసారి ఆలోచించండి: ఆ కట్టడి వల్ల ఎన్ని చిన్న వేషాలు కత్తెర పాలై ఉంటాయో! ఊరందరికీ సినిమాలో ఉన్నానని ఉత్తరాలు రాసుకున్న ఒక అమ్మాయి, విడుదల రోజున హాల్లో కూర్చుని తన ముఖం కోసం వెతుక్కుని ఉండదా? చరిత్రలోని ఒక అంకె నవలకు ఇలాంటి కథను ఇస్తుంది. అంకెను నిర్లక్ష్యం చేస్తే కథనూ పోగొట్టుకున్నట్టే.

4. మనిషి మారడానికి ఏళ్ళు పడుతుంది.

రాత్రికి రాత్రి తార అయిపోయిన పిల్ల కథ చెప్పడానికి బాగుంటుంది. నేను విన్న జీవితాల్లో అలాంటిది ఒక్కటీ లేదు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు ఇంట్లో చెప్పకుండా బొంబాయి వెళ్ళిపోయాడు. స్టూడియోల చుట్టూ తిరుగుతూ, దొరికిన చిన్న పనల్లా చేస్తూ, ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’ మూడింటిలోనూ చిన్న చిన్న వేషాలు వేశాడు. మూడు భాషల తొలి టాకీల్లో ఉన్న ఆ యువకుణ్ణి ఆనాడు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఎల్.వి. ప్రసాద్ అన్న పేరు దేశానికి తెలియడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1982 సంవత్సరానికి ఆయనకు ఫాల్కే పురస్కారం ఇచ్చారు. మధ్యలో ఉన్నవి అర్ధశతాబ్దపు చాకిరీ, ఓటములు, మళ్ళీ మొదలుపెట్టడాలు.

కన్నాంబగారి సంగతి ఇంకా గొప్పది. ఏలూరు నాటకరంగం నుంచి 1935లో ‘హరిశ్చంద్ర’లో చంద్రమతిగా వచ్చిన ఆమె, 1942లో తమిళుల ‘కణ్ణగి’ అయ్యారు. తమిళులకు కణ్ణగి ఒక దేవత. ఆ దేవత నోట పలికే గంభీరమైన తమిళాన్ని ఆమె తెలుగు లిపిలో రాసుకుని నేర్చుకున్నారు. హాల్లో కూర్చున్న తమిళుడికి ఆ గొంతు పరాయిదిగా వినిపించలేదు. ఇది అదృష్టం అనగలమా? రాత్రిళ్ళు కాగితం ముందు పెట్టుకుని, ఒక్కో అక్షరాన్ని నాలుకకు అలవాటు చేసుకున్న స్త్రీని ఊహించండి. నా రెండో నవలలో నాయిక తమిళం నేర్చుకోవడాన్ని ఒక్క పేరాలో దాటేశాను. ఇప్పుడు రాస్తే ఆ పేరాకే ఒక అధ్యాయం ఇస్తాను.

5. యంత్రం మారితే కొందరి నుదుటిరాత మారుతుంది.

వేదిక మీద స్త్రీపాత్రలకు స్థానం నరసింహారావుగారే రారాజు. ఆయన సత్యభామ నడకను ఆడవాళ్ళే అనుకరించారని మా పెద్దలు చెప్పేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కెమెరా ముఖానికి మూరెడు దూరంలోకి వచ్చాక ఆ కళకు తెరమీద చోటు దొరకలేదు. సినిమాల్లో ఆయన కనిపించింది తక్కువ. అదే వేదికల మీద ఆడవేషాలు వేసిన ఒక కుర్రాణ్ణి ఘంటసాల బలరామయ్యగారు బెజవాడ రైల్వేస్టేషన్లో చూసి, 1944లో ‘సీతారామ జననం’లో రాముణ్ణి చేశారు. ఆయనే అక్కినేని నాగేశ్వరరావు. ఒకే విద్య ఒక తరానికి చివరి మెట్టయింది, తర్వాతి తరానికి తొలి మెట్టయింది.

పాటకూ అదే జరిగింది. మొదట్లో నటులు కెమెరా ముందే పాడేవారు, వాయిద్యగాళ్ళు సెట్టు చాటున కూర్చునేవారు. 1943లో ‘భాగ్యలక్ష్మి’లో కమలా కోట్నీస్‌కు రావు బాలసరస్వతీదేవి పాడటంతో తెలుగులో నేపథ్యగానం మొదలైందని చెబుతారు. అప్పటి నుంచి గొంతు ఒకరిది, ముఖం ఇంకొకరిది. పాడలేని అందగత్తెలకు అవకాశం వచ్చింది. చక్కగా పాడినా తెరకు నప్పనివాళ్ళు గాజు గది వెనక్కి వెళ్ళారు. ఇక రంగులు వచ్చాక మా నాన్నగారి లెక్కలన్నీ తలకిందులయ్యాయి. 1934లో ‘లవకుశ’ తీసిన పుల్లయ్యగారే దాన్ని రంగుల్లో మళ్ళీ మొదలుపెట్టారు, కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేశారు, 1963లో విడుదలైంది. తెలుగులో అది తొలి పూర్తి నిడివి రంగుల చిత్రం. బూడిద ఛాయల్లో జీవితమంతా పండిపోయిన మా నాన్న ఆ వయసులో కుర్రాళ్ళ పక్కన కూర్చుని రంగులు మళ్ళీ నేర్చుకున్నారు. ఆయన దాని గురించి ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు. అప్పట్లో నేనూ పట్టించుకోలేదు. కొత్త జీవితం మొదలుపెట్టేది తారలు మాత్రమేనని అనుకునేదాన్ని.

6. జాలి చూపడం సులువు, గౌరవం ఇవ్వడం కష్టం.

రావూరి భరద్వాజగారి ‘పాకుడురాళ్ళు’ మీరు చదివే ఉంటారు, చదవకపోతే ముందు అది చదవండి. ఆయనకు 2012 జ్ఞానపీఠం వచ్చింది. ఆయన తన కళ్ళముందున్న సినిమా లోకాన్ని, అందులో మంజరి అనే నటి ఎక్కిన మెట్లను, జారిన మెట్లను దయాదాక్షిణ్యాలు లేని నిజాయితీతో రాశారు. దాని తర్వాత వచ్చిన మాలాంటివాళ్ళలో చాలామంది ఆ జారుడునే పట్టుకున్నాం. నాయిక ఊరి నుంచి వస్తుంది, వెలుగుతుంది, ఎవరో మోసం చేస్తారు, కూలిపోతుంది. మేం పేర్లు మార్చి ఆ ఒక్క కథనే మళ్ళీ మళ్ళీ రాశాం. పాఠకుల కళ్ళు తడిపాం. ఆ స్త్రీలు చేసిన పనిని మాత్రం చూపించలేదు.

కాంచనమాలగారి పేరెత్తితే చాలు, ‘బాలనాగమ్మ’ తర్వాత ఆమె పడ్డ మనోవేదన గురించే రాస్తారు. 1938లో ‘మాలపిల్ల’లో ఆమె ఏం చేశారో ఎంతమంది రాశారు? గూడవల్లి రామబ్రహ్మం అంటరానితనం మీద తీసిన ఆ సినిమాకు తాపీ ధర్మారావు వాడుకభాషలో మాటలు రాశారు. గ్రాంథికానికి అలవాటుపడ్డ తెరమీద, జనం మాట్లాడే తెలుగును, అదీ ఊరవతల ఉంచిన పిల్ల పాత్రలో, సహజంగా పలికించడం తేలికైన పని కాదు. దాన్ని ఆమె చేసి చూపించారు. 

సావిత్రిగారి విషయంలోనూ అంతే. ఆమె చివరి రోజుల గురించి తెలియని తెలుగువాడు లేడు. 1968లో ఆమె ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించారని, పి. లీల సంగీతం ఇచ్చారని, తెర వెనక ముఖ్యమైన పనులు ఆడవాళ్ళే చూశారని ఎంతమందికి తెలుసు? భానుమతిగారు 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తానే దర్శకత్వం వహించి, తానే నటించి తీశారు. ‘మిస్సమ్మ’ కథ చెప్పేవాళ్ళు భానుమతి ఎందుకు తప్పుకున్నారన్న దగ్గరే ఆగిపోతారు. ఆ వేషం అందుకున్న సావిత్రి, అంతకు ముందు వేరే పాత్రకు సిద్ధమై వచ్చిన అమ్మాయి, కొత్త పాత్రలోకి ఎలా దిగిందన్నది నాకు అంతకంటే ముఖ్యం. దెబ్బతిన్న చోటును దాచమని నేను చెప్పను. వాళ్ళు తలెత్తి నిలబడ్డ చోటును కూడా అంతే వివరంగా రాయమంటున్నాను. అది రాయాలంటే పని తెలియాలి, లెన్సులు తెలియాలి, ఒక షాటుకు ఎంతసేపు పడుతుందో తెలియాలి. కన్నీళ్ళకు అంత పరిశోధన అవసరం లేదు. మేం కన్నీళ్ళతో సరిపెట్టుకోవడానికి అదే కారణం.

7. తారలు తమ గురించి చెప్పింది వినండి, పక్కవాళ్ళనూ అడగండి.

ఇంటర్వ్యూలలో వయసు తగ్గుతుంది, పేదరికం అందంగా మారుతుంది, తొలి అవకాశం దైవలీల అవుతుంది. దాన్ని అబద్ధమని కొట్టిపారేయకండి. తమను తాము ఎలా గుర్తుంచుకోవాలని కోరుకున్నారో అందులో ఉంది, నవలాకారుడికి అదీ కావాలి. అయితే అదే రోజున ఆ ఫ్లోరులో లైటు మోసినవాడు, జడ అల్లిన మనిషి, కారు నడిపినవాడు ఏం చూశారో తెలుసుకుంటే గాని ఆ గది పూర్తికాదు.

8. స్టూడియోలు పోతాయి, కాగితాలు కూడా పోతాయి.

జెమినీ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు హోటలు ఉంది. స్టూడియో పోయినా 1973లో కట్టిన వంతెనను జనం జెమినీ ఫ్లైఓవరనే పిలుస్తున్నారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న విజయా వాహినీ స్థలంలో ఆసుపత్రి, షాపింగ్ మాల్ వచ్చాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మద్రాసు మనది కాకుండా పోయాక కూడా తెలుగు సినిమా చాలాకాలం అక్కడే ఉంది. 1976లో హైదరాబాదులో అన్నపూర్ణా స్టూడియో మొదలయ్యేనాటికి తరలడం ఊపందుకుంది. నటులు, నిర్మాతలు వెళ్ళారు. దర్జీలు, ఎక్స్‌ట్రాలు చాలామంది కోడంబాకం సందుల్లోనే ఉండిపోయారు. వాళ్ళ పిల్లలు తమిళంలో చదువుకున్నారు. తాతగారి ట్రంకుపెట్టెలో ఉన్న తెలుగు కాగితాలు ఏమిటో వాళ్ళకు తెలియదు.

ఫిల్ములది ఇంకా దయనీయం. పాత నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకుంటుంది. ఎన్నో రీళ్ళను వెండి కోసం కరిగించారు. దక్షిణ భారతంలో తీసిన మూకీల్లో మనకు మిగిలింది ‘మార్తాండవర్మ’ ఒక్కటే. రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ లేదు. ‘భక్త ప్రహ్లాద’ లేదు. పుణెలో 1964 నుంచి జాతీయ ఫిల్ము భాండాగారం ఉన్నా, 2003 జనవరిలో అక్కడి నైట్రేట్ ఖజానాకే నిప్పంటుకుంది. మనకు దొరికేవి పాటల పుస్తకాలు, స్టిల్సు, ఉత్తరాలు, జమాఖర్చు పుస్తకాలు, ఇంకా ప్రాణాలతో ఉన్న కొద్దిమంది జ్ఞాపకాలు.

మీలో నవల రాయాలనుకునేవాళ్ళు రాయడం ఒక ఏడాది ఆలస్యం చేసుకున్నా ఫరవాలేదు. ముందు చెన్నై వెళ్ళండి. వడపళని, సాలిగ్రామం, కోడంబాకం వీధుల్లో తొంభైకి దగ్గరపడ్డ నాట్యగత్తెలు, మేకప్‌మన్‌లు, కుట్టుపనివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చోండి. రాసుకోవచ్చా అని అడిగి రాసుకోండి. వాళ్ళింట్లో పాత కాగితాలు కనిపిస్తే తీసుకుపోకుండా ఫోనులో ఫొటో తీసి, కాగితాలు వాళ్ళకే ఇచ్చేయండి. మీ ఇంట్లోనే సినిమాల్లో పనిచేసిన ముసలివాళ్ళు ఉంటే, ఈ ఆదివారమే మొదలుపెట్టండి.